గౌరీబాయి ఊడ్చిన దవాఖాన

నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో, కాలువ దాటాక ఎడమచేతి వైపు గోప్యా తండా ఉంటుంది. తండా మొదట్లోనే పసుపు రంగు వేసిన చిన్న కట్టడం. గోడ మీద ఆరోగ్య ఉపకేంద్రం అని రాసి, దాని కింద నర్సు పేరూ పనివేళలూ రాశారు. తండావాళ్లు మాత్రం దవాఖాన అనే అంటారు, అందులో ఒక్క జ్వరం మాత్ర దొరకకపోయినా.

ఆ జాగా గౌరీబాయిది. ఇంటి పక్కనే కాబట్టి అందులో మిరపనారు పోసుకునేది, ఎండాకాలం బర్రెను కట్టేసేది. ఒక కోతల కాలంలో ఆమె తోటికోడలు మంగ్లీని కాన్పు నొప్పులతో షేర్ ఆటోలో మిర్యాలగూడ తీసుకెళ్తుంటే, రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల వరసలో ఆటో ఇరుక్కుపోయింది. ముందుకూ వెనక్కూ కదల్లేదు. మంగ్లీ గౌరీబాయి ఒళ్లోనే పోయింది. బిడ్డా దక్కలేదు.

మరుసటి ఏడు అధికారులు ఉపకేంద్రానికి జాగా వెతుక్కుంటూ వచ్చారు. భర్త బిచ్చా నోరు తెరిచేలోపే గౌరీబాయి, "మాది తీస్కోండ్రి సారూ. నర్సమ్మ మాత్రం గీడనే ఉండాలె" అంది. "ఉంటుందమ్మా" అన్నాడు వచ్చినాయన. ఒప్పందం అంతే. మాట ఇచ్చిన మనిషిని కాగితం అడిగితే దొంగ అన్నట్టేనని ఆమె పెరిగిన తండాలో అనుకుంటారు. ఆమె అడగలేదు.

కట్టడం లేచింది. రిబ్బన్ కత్తిరించారు. నవనీత అనే నర్సు చేరింది. చేరిన నెలలోనే ఆమెను డిప్యుటేషన్ మీద కోదాడకు పంపేశారు. అప్పటి నుంచి ఆమె ఉద్యోగం ఈ తండాలో, పని కోదాడలో. తాళం తుప్పుపట్టి ఊడిపోయింది. లోపలి గదిలో పక్క ఊరి వ్యాపారి వడ్ల బస్తాలు వేసుకున్నాడు. వరండా వానాకాలమంతా మేకలకు నిలయం. అడిగినప్పుడల్లా, "పై నుంచి ఆర్డర్ రావాలె గౌరమ్మా" అనేవాడు ఆరోగ్య శాఖ సూపర్‌వైజర్ శ్రీహరి. ఆ ఆర్డర్ ఎంత పై నుంచి రావాలో ఆయనకూ తెలియదనుకుంటాను.

గౌరీబాయి కూతురు నందిని నాతో ఎం.ఏ. తెలుగు చదివింది. పెళ్లయ్యాక మేళ్లచెరువు వెళ్లింది. అల్లుడు శివాజీకి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. తొలి కాన్పుకి నందిని తల్లి దగ్గరికి వచ్చింది. వచ్చీ రాగానే బీపీ ఎక్కువగా ఉందనీ, తరచూ చూపించుకోవాలనీ మిర్యాలగూడలో డాక్టరు చెప్పింది. ఆ రోజు నుంచి గౌరీబాయికి కంటి మీద కునుకు లేదు. కూతుర్ని అదే దారిలో, నొప్పులతో, అదే ఆటోలో తీసుకెళ్లే మాట తలచుకోవడానికే ఆమెకు భయం. పక్కింట్లో నర్సు ఉంటే బీపీ చూస్తుంది, ప్రమాదమైతే ముందే చెబుతుంది. ఆమెకు కావలసింది అంతే.

సరిగ్గా అప్పుడే, సర్కారు పెట్టిన ఖర్చు దేనికి పనికొచ్చిందో చూడటానికి శాసనసభ కమిటీ జిల్లాకు వస్తోందని తెలిసింది. పొద్దున కోదాడ వైపు పనులు చూసి, దారిలో గోప్యా తండా ఉపకేంద్రంలో ఆగి, మధ్యాహ్నం సూర్యాపేట కలెక్టరేట్‌లో విచారణ జరుపుతారట. విచారణలో తండా తరఫున గౌరీబాయి మాట్లాడవచ్చని కబురొచ్చింది.

"ఇగ మన కష్టం ఖతం" అంది గౌరీబాయి నాతో. "పెద్దోళ్లే కండ్లతోటి సూస్తరు."

"యాడీ, అందుకే అక్కడ ఏమీ ముట్టుకోకు" అంది నందిని తల్లితో. "మేకలు మేకల్లెక్కనే, బస్తాలు బస్తాల్లెక్కనే ఉండనియ్యి. పూర్ణిమా, నువ్వన్న జెప్పు."

నేను తల ఊపాను. గౌరీబాయి కూడా ఊపింది.

కమిటీ వచ్చే రోజు నేను మిర్యాలగూడ నుంచి షేర్ ఆటోలో పొద్దున్నే తండా చేరేసరికి, దూరం నుంచే పేడ అలికిన పచ్చివాసన వచ్చింది. దవాఖాన వరండా అద్దంలా ఉంది. అంచుల వెంట సుద్దతో గీతలు. వడ్ల బస్తాలన్నీ వెనక్కి చేరి టార్పాలిన్ కింద దాక్కున్నాయి. వరండాలోకి లాగిన దవాఖాన తుప్పు మంచం మీద గౌరీబాయి ఇంట్లోని కొత్త దుప్పటి. ఆడవాళ్లు పండక్కి కట్టినట్టు కట్టుకుని వరసగా నిలబడ్డారు. నందిని తమ గడపలో కూర్చుని ఎటో చూస్తోంది.

"ఎవరు చేశారమ్మా ఇదంతా? శ్రీహరి చేయమన్నాడా?" అని అడిగాను.

"ఆయన ఏమనలే బిడ్డా. నాకే మనసొప్పలే" అంది గౌరీబాయి, చేతుల మీది పేడ కడుక్కుంటూ. "ఇంటికొచ్చినోళ్లను మేకపెంటికల మీద కూసోబెడ్తమా? రేపు మా తండాను ఏమనుకుంటరు?"

"అదే చూడాలి కదా వాళ్లు."

"సూసుడెందుకు, నేను జెప్త కద. నాకు నోరు లేదా?"

గడపలోంచి నందిని అంది: "నోటిమాట నమ్మి జాగా ఇచ్చినవ్ యాడీ. ఇప్పుడు వరండా గూడ ఇచ్చినవ్."

"ఊకో. కడుపుతోని ఉన్నదానివి, గట్ల మాట్లాడొద్దు."

తెల్ల కారు వచ్చి ఆగితే అందరూ అటు తిరిగారు. దిగింది కమిటీ కాదు, నవనీత. తెల్ల కోటు, చేతిలో బీపీ మిషను. గోడ మీద తన పేరు చదువుకుని, గౌరీబాయి దగ్గరికొచ్చి మెల్లగా అంది: "నన్ను తప్పు పట్టకండి ఆంటీ. పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నారు. కోదాడలో నా వార్డు ఇంకొకళ్లకి అప్పజెప్పి వచ్చాను." ఆమె ముఖంలో మోసం కనిపించలేదు, అలసటే కనిపించింది.

"వచ్చినవ్ కద తల్లీ, గదే సాలు. ముందు నా బిడ్డను సూడు" అంది గౌరీబాయి.

నవనీత నందినిని మంచం మీద పడుకోబెట్టి బీపీ చూస్తుండగానే కమిటీ కార్లు వచ్చేశాయి. సభ్యులు చెప్పులు విప్పి మరీ వరండా ఎక్కారు. అలికిన నేల మీద చెప్పులతో నడవడానికి వాళ్లకూ మొహమాటం వేసిందేమో. ఫొటోగ్రాఫర్ మంచం చుట్టూ తిరిగాడు. గౌరీబాయి స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చింది. కమిటీ అధ్యక్షుడు ఒక గుటక తాగి, "ఇంత శుభ్రంగున్న సబ్ సెంటర్ నేను ఏ జిల్లాల సూడలేదు" అన్నాడు. శ్రీహరి నేల చూపులు చూశాడు. గౌరీబాయి ముఖం ఒక్క నిమిషం వెలిగింది. ఆ మెచ్చుకోలు ఆమెను ఎక్కడికి తీసుకుపోతోందో ఆమెకు అప్పటికి తెలియదు.

"సారూ, ఒక్క మాట" అని మొదలుపెట్టింది.

"సూర్యాపేటల జెప్పమ్మా, తీరుబడిగ విందం. గాడ అంత రాసుకుంటరు."

కార్లు వెళ్లాక నవనీత మిషను మడిచి పెట్టుకుంది. "బీపీ ఎక్కువే ఉంది నందినీ. రెండు మూడు రోజులకోసారి చూపించుకో."

"ఎక్కడ జూపించుకోవాలె అక్కా?" అంది నందిని.

నవనీత మిషను సంచీ జిప్పు రెండుసార్లు లాగింది.

సూర్యాపేటకు గౌరీబాయి వెంట నేను వెళ్లాను. బిచ్చా నందిని దగ్గర ఉండిపోయాడు. కలెక్టరేట్ హాల్లో ఏసీ చల్లదనానికి గౌరీబాయి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నన్ను గోడవారగా సందర్శకుల కుర్చీల్లో కూర్చోబెట్టారు. చెక్‌డ్యాముల గురించీ, హాస్టళ్ల గురించీ చాలాసేపు నడిచింది. అధికారులు లేచి "సాధించాం" అనేవారు, కూర్చునేవారు. గౌరీబాయి పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. చెప్పాల్సింది లోపల్లోపల చెప్పుకుంటోంది.

ఆమె పేరు పిలిచారు.

"రామ్మా, రా. పొద్దున మనకు చాయ్ తాపిన తల్లి" అని అధ్యక్షుడు అందరికీ పరిచయం చేశాడు. హాలంతా ప్రేమగానే నవ్వింది.

గౌరీబాయి చేతులు జోడించింది. "సారూ, పొద్దున మీరు సూసిన దవాఖాన రోజూ గట్లుండదు. నిన్నటిదాక దాంట్ల మేకలున్నయి. లోపట వడ్ల బస్తాలు. నర్సమ్మ ఇయ్యాల్నే వచ్చింది, పొద్దుగూకంగనే పోతది. మాకు నర్సమ్మ కావాలె. జాగా ఇచ్చినప్పుడు అదే మాటనుకున్నం."

జిల్లా అధికారి ఒకాయన లేచి ఏదో సైగ చేశాడు. తెర మీద పొద్దుటి ఫొటో వెలిగింది. మెరిసే వరండా, కొత్త దుప్పటి, తెల్ల కోటు.

"ఇది తమరి సమక్షంలో తీసిందే సార్. మంచం మీద బీపీ చూపించుకుంటున్నది ఈమె కూతురే."

"నీ బిడ్డనేనా అమ్మా?" అని అడిగాడు ఒక సభ్యుడు.

"అవ్ సారూ, నా బిడ్డనే."

"నర్సు సూస్తున్నది కద మరి."

"ఇయ్యాల సూసింది."

"రేపు గూడ సూస్తదమ్మా, పరేషాన్ గాకు."

సభ్యుల్లో ఒకే ఒక్క స్త్రీ ఉంది. ఆమె మైకు దగ్గరికి లాక్కుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "మేకలుంటే అట్లనే ఉంచాల్సింది కద తల్లీ. మేమే సూసేటోళ్లం. ఎందుకు ఊడ్చినవ్?"

గౌరీబాయి తెర మీది వరండా వైపు చూసింది. తను అలికిన వరండా అంత పెద్దగా, అంత మెరుస్తూ ఆమెకు ఎన్నడూ కనిపించి ఉండదు.

"మీరు ఇంటికొస్తున్నరు కద అమ్మా. మురికిల ఎట్ల కూసోబెడ్త? నేను జెప్తె నమ్ముతరనుకున్న."

ఆ స్త్రీ ఇంకేదో అడగబోయింది. అప్పటికే అధ్యక్షుడు అందుకున్నాడు. "సూసిన్రా, సర్కారు ఆస్తిని సొంతింటి లెక్క సూసుకునే మనుషులు ఇంక ఉన్నరు. ఆ సబ్ సెంటర్ల స్వీపర్ పోస్టు ఖాళీ ఉందా? ఉంటే ఈమెను పెట్టుండ్రి. ప్రజల భాగస్వామ్యం అని రాయుండ్రి." కొందరు బల్లలు చరిచారు. అధికారి రాసుకున్నాడు. తరువాతి అంశం పశువుల టీకాలు.

బయట మెట్ల మీద గౌరీబాయి చాలాసేపు చెప్పులు తొడుక్కోకుండా నిలబడింది.

"బిడ్డా, నేను నర్సమ్మను గద అడిగింది. స్వీపర్ అని ఎందుకన్నడు?"

నేను ఆమె చెప్పులు ముందుకు జరిపాను. బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. నేరేడుచర్ల దాకా కొంగు భుజాల మీంచి తీయలేదు.

నవనీత అప్పటికే కోదాడ వెళ్లిపోయింది. స్వీపర్ పోస్టు కూడా రాలేదు. అది ఖాళీ లేదట, దాంట్లోనూ ఎవరో ఉన్నారట, వేరే చోట పని చేస్తున్నారట. బస్తాలు లోపలికీ, మేకలు వరండాలోకీ ఎప్పట్లాగే తిరిగొచ్చాయి. నందిని కాళ్లకు నీరు పట్టింది. నొప్పులు మొదలయ్యే దాకా ఆగడం తన వల్ల కాదని గౌరీబాయి తేల్చేసింది. మిర్యాలగూడలో సర్కారు దవాఖాన వెనక ఒక గది కిరాయికి దొరికింది. గది చూసిపెట్టింది నేనే. కిటికీ లేదు గానీ దవాఖాన గేటు కనిపిస్తుంది. తల్లీ కూతుళ్లు కాన్పు దాకా అక్కడే ఉండాలి. బర్రెకు మేత వేయడానికీ కోతలకూ బిచ్చా తండాలోనే.

వాళ్లను తీసుకెళ్లడానికి నేను వెళ్లిన రోజు, గిన్నెలూ బియ్యం మూటా ఆటోలో సర్దుతుంటే శ్రీహరి బండి వచ్చి ఆగింది. దవాఖాన స్తంభానికి బర్రె కట్టేసి ఉంది. గౌరీబాయే కట్టింది.

"ఏంది గౌరమ్మా గిది?" అన్నాడు. "అసెంబ్లీ నుంచి లెటరొచ్చింది. మీ సెంటర్ మంచిగ నడుస్తున్నదని కమిటీ రిపోర్టుల రాసిన్రు. ఇప్పటి ఫొటో ఒకటి పంపాలె. జర బర్రెను ఇడ్శి, ఆ రోజు లెక్క వరండా ఊడ్వరాదూ? ఫొటో దీసుకుని పోత."

"ఆటో వెయిటింగ్ ఉన్నది సారూ."

"ఎంతసేపు పడ్తది? నీ చేతి మహిమ పెద్దసారుకు గూడ తెలుసు." నవ్వించబోయాడు.

గౌరీబాయి నందినిని జాగ్రత్తగా ఆటో ఎక్కించి, వీపు వెనక దుప్పటి మడత పెట్టింది. కమిటీ వచ్చిన రోజు మంచం మీద పరిచిన దుప్పటే అది.

"సీపురు మా గోడకాడనే ఉన్నది సారూ. ఊడ్సుకోండ్రి" అంది. "నేనొక్కసారి ఊడ్శి నా బిడ్డను బజార్ల వెట్టుకున్న."

"గట్లంటే ఎట్ల? సర్కారు బిల్డింగ్‌ల బర్రెను కట్టెయ్యొద్దు. రేపు కేసైతది, నన్నంటవ్."

"రాసుకోండ్రి. మేకలుంటయని అప్పుడు జెప్తె ఎవ్వరు రాసుకోలే. ఇప్పుడు బర్రె ఉన్నదని రాసుకోండ్రి. దాన్ని సూడనీకైన ఒక సారు వస్తడేమో."

ఆటో కదిలింది. శ్రీహరి ఫోను చేతిలో పట్టుకుని, బర్రె పడకుండా ఫొటో ఏ మూల నుంచి తీయవచ్చా అని వరండా చుట్టూ తిరుగుతున్నాడు. మళ్లీ కోతల కాలం. మిల్లుల దగ్గర ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. ఆటో వాటి వెనక ఆగగానే గౌరీబాయి నందిని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నొప్పులేం లేవు యాడీ" అంది నందిని.

"తెలుసు" అంది గౌరీబాయి. చేయి మాత్రం వదల్లేదు.