వ్యాను నెత్తి మీద కాపురం

మా సూరిబాబు బాబాయ్ ఇంట్లో పడుకునేవాడు కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో సొంత దుకాణం, దాని వెనక రెండంతస్తుల ఇల్లు, ఆ ఇంట్లో గాలి వచ్చే గది, ఆ గదిలో టేకు మంచం ఉన్న మనిషి. పొద్దుగుంకగానే తలగడ చంకలో పెట్టుకుని, కామేశ్వరి పిన్నిని వెంటబెట్టుకుని, తన పికప్ వ్యాను నెత్తికెక్కి పడుకునేవాడు. ఎవరడిగినా ఒకటే మాట: "స్లాబు నాకు సరిపడదు." కొందరికి వంకాయ సరిపడదు కదా, అలాగన్నమాట.

నాన్న పోయాక తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయింది. నానమ్మ నన్ను ఆ ఇంటికి తెచ్చుకుంది. అక్కడ నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ, నేనున్నానని మరిచిపోయి నా ముందు మాట్లాడేవాళ్ళు ఎక్కువ. అందుకే ఈ సంగతులన్నీ నాకు తెలిశాయి. ఇప్పుడు చెప్పొచ్చని పిన్నే అంది.

బాబాయ్ పెళ్ళయిన నెలలోనే వెల్డింగు షాపు అప్పలరమణ దగ్గరికి వెళ్ళాడు. వ్యాను కేబిన్ మీద ఇనప చట్రం, దాని మీద పలకలు, పక్కన నిచ్చెన చేయమన్నాడు. చట్రం తయారయ్యాక అప్పలరమణ దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటి బాబూ ఇది? మంచవా, పాడెయా?"

"డేరా. ఎక్కడికెళ్తే అక్కడ విప్పుకుని పడుకోడానికి."

"కింద ఏసుకోవచ్చు కదా?"

"కింద పాములుంటాయి."

"ఇంట్లో ఉండవు కద బాబూ."

"ఇంట్లో స్లాబుంటాది."

అప్పలరమణ నిచ్చెన కూడా అతికించి ఇచ్చేశాడు. సాయంత్రానికల్లా సూరిబాబుకి మతి చలించిందని మార్కెట్టంతా తెలిసిపోయింది.

డేరాకి కొత్త గుడ్డ దండగనుకుని, లారీల్లో బెల్లం దిమ్మల మీద కప్పే టార్పాలిన్ కుట్టించాడు. ఏళ్ళ తరబడి బెల్లం పీల్చిన గుడ్డ అది. మొదటి వానకే పాకం కారింది. అప్పుడు కింద నిలబడి కొడుకుని తిడుతున్న నానమ్మ తెల్లచీర గోధుమ రంగుకి మారింది. ఆ వెనకే చీమలొచ్చాయి. వాటిని బాబాయ్ ఎప్పటికీ వదిలించుకోలేకపోయాడు. బండి ఆగిన ప్రతి ఊళ్ళోనూ కొన్ని దిగేవి, కొన్ని ఎక్కేవి, ఆర్టీసీ బస్సులోలాగ.

బెల్లం సీజను అయిపోయాకే బాబాయ్‌కి తీరిక. అంటే వానాకాలం. అందువల్ల మేం చేసిన విహారయాత్రలన్నీ ముసురులోనే జరిగాయి. స్టవ్వూ, బియ్యం డబ్బా, నేనూ వెనక తొట్టిలో ఉండేవాళ్ళం. తడిసిన బట్టలు ఆరేలోగా మళ్ళీ తడిసేవి. పిన్నిని మాత్రం నేను అప్పుడే నవ్వుతూ చూసేదాన్ని.

పూడిమడకలో ఆకాశమూ సముద్రమూ ఒకటే బూడిదరంగులో ఉన్నాయి. ఉప్పుచేప వాసన ముక్కు దాకా కూడా రాని ఇల్లు మాది. ఎండుచేపల వాసనకి బాబాయ్ ముక్కు మూసుకుని మాట్లాడుతుంటే, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నూకరత్నం అనే ఆమె వచ్చి డేరాని ఎగాదిగా చూసింది.

"ఎలచ్చన్లు వచ్చేసేయా బాబూ?"

"ఎలక్షన్ బండి కాదమ్మా."

"మరి మైకేది?"

"మైకు లేదు. పడుకోడానికి."

"గెలవకముందే పడుకుంటే ఓట్లెవులేత్తారు," అంది నూకరత్నం. ఆమె వెళ్ళి మరో నలుగురిని తీసుకొచ్చింది. పింఛను రావట్లేదని ఒక ముసలాయన బాబాయ్ చేతులు పట్టుకున్నాడు. చూస్తానని చెప్పి పంపేదాకా వదల్లేదు.

గొలుగొండ దాటాక కొండల కింద ఆగితే దోమల మందు కొట్టే బండి అనుకున్నారు. పోతన్న అని మెట్ట పొలం చేసుకునే పెద్దమనిషి, ఇంట్లో కుండలూ చాపలూ బయట పెట్టించి మరీ వచ్చాడు.

"మందు కొట్టడానికి కాదు. పడుకోడానికొచ్చాం," అన్నాడు బాబాయ్.

పోతన్న వానని చూశాడు, డేరాని చూశాడు. అతని మొహం జాలిగా అయిపోయింది. "ఇల్లు కూలిపోయిందేటి బాబూ?" అని మెల్లగా అడిగాడు.

పిన్ని చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. బాబాయ్ వెంటనే చీమలు ఎక్కడెక్కడ కుట్టాయో పెద్ద గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

"మా ఇంట్లో తొంగోండి. తాటాకిల్లే గానీ కారదు," అన్నాడు పోతన్న.

"తాటాకూ సరిపడదయ్యా," అన్నాడు బాబాయ్.

స్లాబు సరిపడని మనిషికి తాటాకు కూడా ఎందుకు సరిపడదో నాకు అర్థం కాలేదు. అప్పటినుంచి గమనించడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు బాబాయ్ బెల్లం గోడౌనులో, నిఖార్సయిన స్లాబు కింద, గురకపెట్టి నిద్రపోతున్నాడు. సినిమాహాల్లో ఇంటర్వెల్‌కి కూడా బయటికి రావట్లేదు. పైగా ఆయనకి ఎత్తంటే భయం. డేరా నిచ్చెన కళ్ళు మూసుకుని ఎక్కేవాడు. పిన్ని మాత్రం వంటింట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా గుమ్మానికి ఆనుకునే కూర్చునేది. మధ్యమధ్య తలెత్తి కప్పు వైపు చూసేది.

పెళ్ళికి ముందటి వానాకాలంలో పిన్ని పుట్టిల్లు కూలి వాళ్ళమ్మ పోయిన సంగతి అందరికీ తెలుసు. తెల్లవార్లూ ఆ మట్టి కింద అమ్మ పక్కనే పిన్ని కూడా ఉందని, అప్పటినుంచి ఏ కప్పు కిందా కన్ను మూయలేకపోతోందని బాబాయ్‌కి తప్ప, తొట్టిలో పడుకుని వాళ్ళ మాటలు విన్న నాకు తప్ప, ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. మా ఇళ్ళల్లో మగవాడి పిచ్చికి నవ్వుకుంటారు. మా చుట్టాల్లోనే ఒక కోడలు ఊరికే ఏడుస్తోందని పుట్టింట్లో దింపి వచ్చారు, మళ్ళీ తీసుకురాలేదు. ఆ మంచి పని దగ్గరుండి చేయించింది మా నానమ్మే.

అలాంటి సమయంలో త్రినాధరావు పెదనాన్న కొత్తిల్లు కట్టి గృహప్రవేశం పెట్టాడు. మా ఆచారం ప్రకారం ఇంటి దంపతులూ అన్నదమ్ముల జంటలూ ఆ ఇంట్లో నిద్ర చేయాలి. పొద్దున్నించీ ముసురు. ఇంకా సున్నం వాసన పోని హాల్లో సాయంత్రమే చాపలు పరిచారు.

"నాకు స్లాబు..." అని బాబాయ్ మొదలుపెట్టాడు.

"నా ఇల్లు నీకంత చేదయిపోయిందేట్రా?" అన్నాడు పెదనాన్న. "ఇన్నాళ్ళూ ఊరంతా నవ్వినా ఊరుకున్నాను. ఈ పూట నువ్వు బండెక్కేవంటే నాకు తమ్ముడే లేడు."

"ఈ ఒక్క రాత్రి పడుకుంటే చచ్చిపోవులే," అంది నానమ్మ. "కామేశ్వరీ, ముందు నువ్వు లోపలికి రా. ఆడే వత్తాడు."

పిన్ని ఒక కాలు గడప లోపల పెట్టి ఆగింది. గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఇదేటత్తా, కామేశ్వరికి అలా చెమటలు పడతన్నాయి?" అంది పెద్దమ్మ. "ఏటలా పైకి చూత్తంది?"

అందరి తలలూ పిన్ని వైపు తిరిగాయి. నానమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

సరిగ్గా అప్పుడు బాబాయ్ వాకిట్లో వంట సామాన్ల మధ్య దబ్బున పడ్డాడు. పులిహోర గంగాళం దొర్లింది. "ఊపిరాడట్లేదు," అంటూ గొంతు పట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ, బురదలో కావాలనే అటూ ఇటూ దొర్లాడు. పట్టుపంచె నల్లగా అయిపోయింది. పురోహితుడు ఉల్లిపాయ వాసన చూపించమన్నాడు. ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టారు. పెదనాన్న కోపం మరిచిపోయి తమ్ముడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. పిన్ని వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె గడప దిగి వానలోకి వచ్చేసింది.

బాబాయ్ ఒక కన్ను తెరిచి, పిన్ని బయటికి వచ్చిందో లేదో చూసుకుని, మళ్ళీ మూశాడు. అది నేనొక్కదాన్నే చూశాను.

"ఈ పిచ్చివెధవ బాగుపడడు," అని నానమ్మ తల కొట్టుకుంది. "తీసుకెళ్ళి ఆడి బండి మీదే పడెయ్యండి. కామేశ్వరీ, నువ్వూ ఎక్కు తల్లీ. రాత్రి ఏటైనా అయితే పక్కన మనిషుండాలి. ఇలాంటోణ్ణి కట్టుకున్నావు, నీ కర్మ."

పిన్ని గబగబా నిచ్చెనెక్కింది. నేను తలగడలు అందించాను. బాబాయ్ కింది మెట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. జుట్టులో పులిహోర మెతుకులున్నాయి.

"చూసేవా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చూశాను బాబాయ్."

"ఎవరికైనా చెప్తావా?"

"నన్నెవరడుగుతారు బాబాయ్?"

ఆయన కళ్ళు మూసుకునే నవ్వాడు. "నిచ్చెన గట్టిగా పట్టుకో తల్లీ," అన్నాడు.

రెండు వానాకాలాలు గడిచాక ఒక సాయంత్రం పిన్ని మా నడవలో, కప్పు కింద పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. గుమ్మానికి ఆనుకోలేదు. తలెత్తలేదు. పెరట్లో బాబాయ్ డేరా తాళ్ళు బిగిస్తున్నట్టు నటిస్తూ, బిగించినవే విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. నేను పిన్నికి దీపం తేబోతే, కదిలించొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే పెదనాన్న వచ్చాడు. డేరా వంకా తమ్ముడి వంకా చూసి నిట్టూర్చాడు.

"నీకింకా నయం కాలేదేట్రా?"

బాబాయ్ ఓరగా నడవ వైపు చూశాడు. చిక్కుడుకాయలు సగం అయ్యాయి.

"కొంచెం తగ్గిందన్నయ్యా," అన్నాడు. "తొందరేం లేదు."