ఉస్తాద్ కోసం కట్టిన పొట్టుపెట్టె

ఒకటి అనుకున్నానంటే అది అయ్యేదాకా నాకు అన్నం సయించదు. మా ఇంట్లో దీన్ని మొండితనం అన్నారు. పని నేర్పిన ఉస్తాద్ మాత్రం ఉడుంపట్టు అన్నాడు, వడ్రంగికి అది ఉండాల్సిందేనన్నాడు. పోలీసు యాక్షన్ జరిగిన వానాకాలంలో ఆ ఉడుంపట్టు ఆయన మీదే వాడాల్సి వచ్చింది.

రెజిమెంటల్ బజార్‌లో మాది ఒక్క గది కార్ఖానా. పని చేసేది ఇద్దరమే. ఉస్తాద్ ముసల్మాను; భార్య పోయాక వెనక అర్రలోనే ఉంటున్నాడు. మామూలు రోజుల్లో తలుపులు బార్లా తీసి అరుగు మీద పని చేసేవాళ్లం, రంపపు పొట్టు వీధి గాలికి కొట్టుకుపోయేది. రజాకార్ల రోజుల్లో నేను భయపడి తలుపులు మూయించాను. మిలిట్రీ వచ్చాక నా భయం ఆయనకు పట్టుకుంది గానీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. మూసిన గదిలో శీషం కర్ర కుర్చీలకు గరుకు కాగితం పడితే లేచే సన్న పొడి ఎక్కడికి పోతుంది? ఆయన రొమ్ములోకే పోయింది. తీస్తే భయం, మూస్తే దగ్గు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హకీం నాడి చూసి ఒకటే చెప్పాడట: పొడి మానితేనే ఊపిరి ఉంటుందని.

"మౌలాలిల మా బిడ్డ తానకు పోత బేటా. గాడ నీడపట్టున కూసుంట," అన్నాడు ఉస్తాద్.

ఖాళీగా కూర్చున్న ఉస్తాద్‌ను నేను ఊహించుకోలేకపోయాను. నాకు కోయడం వచ్చు, చెక్కడం వచ్చు. ఏ దుంగ లోపల ఏముందో తెలుసుకోవడం ఇంకా ఆయన కళ్లతోనే. భయమేసింది. ఆ భయానికి కోపం కూడా తోడైంది.

"జెర ఆగుండ్రి ఉస్తాద్. పోవాల్సింది పొడి, మీరు కాదు," అన్నాను.

నోరు జారడమైతే జారాను, పొడిని ఎలా పంపాలో తెలియదు. సీతాఫల్‌మండిలో ఒక వడ్ల మిల్లు తలుపు బాగుచేయడానికి పోయినప్పుడు చూసిన రేకు గరాటా గుర్తొచ్చింది. ఊకతో నిండిన గాలి దాంట్లోకి పక్కనుంచి దూరి గిరగిరా తిరుగుతుంది. బరువైన ఊక గోడవెంట జారి కింద పడుతుంది, ఉత్త గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది. మిల్లులో అది ఇంటి కప్పంత ఉంది. నాకు ఒక్క మనిషి ఎత్తగలిగేది కావాలి. రంపం ఒక మూల, గరుకు కాగితం పని ఇంకో మూల. పెట్టె మనిషి వెంట తిరగాలి కదా.

గ్యాసునూనె రేకు డబ్బాలు కోసి గరాటా చేశాను. కమ్మరి కొలిమికి చేత్తో తిప్పే పాత పంకా తెచ్చి, పీల్చే వైపు నడిమి గొట్టానికి బిగించాను. పొడి లాగడానికి కాన్వాసు గుడ్డతో ఇంకో గొట్టం కుట్టి గరాటా పక్కకు తగిలిస్తే మొదటిసారి తిప్పగానే ఎండిన పేగులా అతుక్కుపోయింది. విప్పి, లోపల బెత్తం చుట్లు పెట్టి మళ్లీ కుట్టాను. అడుగున పొట్టు పడే టేకు పెట్టె, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు. పక్కింటి అవ్వ పొట్టు పొయ్యికి రోజూ మా దగ్గరే పొట్టు పట్టుకుపోయేది. ఆమె కోసం పెట్టె ముందు చిన్న తలుపు పెట్టాను. తలుపు ఎంత బాగా కుదిరిందో చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

ఉస్తాద్ కుర్చీ చేతికి గరుకు కాగితం పట్టాడు, నేను పంకా తిప్పాను. గొట్టం పొడిని చక్కగా లాగింది. లాగిన పొడిని పంకా అటువైపు నుంచి గదినిండా ఊదింది. అప్పటిదాకా కింద పడే పొడి కూడా లేచి ముక్కుల్లో దూరింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఉస్తాద్ దగ్గి దగ్గి గోడ పట్టుకున్నాడు.

సంచితో వచ్చిన అవ్వ తలుపు తీసి చూసింది. "పెట్టెల పిడికెడు సుత లేదు. పొట్టంత నీ నెత్తి మీదనే ఉన్నది గదరా!"

శుక్రవారం బండి తెమ్మని ఉస్తాద్ అల్లుడికి కబురు పెట్టాడు. నేను గరాటా మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను, అతుకులన్నీ లప్పంతో మూశాను. ఏం లాభం లేదు. ఆయన ఉలులు ఒక్కొక్కటీ గుడ్డలో చుడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న సుత్తిని గోడకేసి కొట్టాను.

గురువారం వచ్చింది. ప్రతి గురువారం పనిముట్లకు ఊదు పట్టడం ఆయన అలవాటు. ఆ రోజు కూడా నిప్పుల చిప్ప పట్టుకుని కట్టిపెట్టిన ఉలుల చుట్టూ, బల్ల చుట్టూ తిప్పాడు. నేను ముఖం అటు పెట్టుకుని కసిగా పంకా తిప్పుతున్నాను. చిప్ప నా పెట్టె ముందుకు రాగానే పైకి పోయే పొగ పక్కకు వంగి, సన్నని దారంలా తలుపు సందులోకి దూరింది.

ఉస్తాద్ ఆగిపోయాడు. "తిప్పుతనే ఉండు," అన్నాడు. చిప్ప దగ్గర పెట్టాడు. పొగంతా సందులోకే. "దొంగ గీడున్నడు బేటా. గాలి గీడికెల్లి జొచ్చి పడ్డ పొట్టును మల్ల పైకి లేపుతున్నది. గింత సందెవడు ఇడ్వమన్నడు?"

నా పదమూడో ఏట, నేను చేసిన మొదటి తలుపు వానకు ఉబ్బి బిగుసుకుపోయినప్పుడు, నా చెవి మెలిపెట్టి నేర్పింది ఆయనే: వానకు కర్ర నీళ్లు తాగుతుంది, తలుపుకు మేకు మందం సందు విడవాలని. అప్పటినుంచీ సందు విడవకుండా నేను తలుపు చేసింది లేదు. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. తలుపు అంచు వెంట బొటనవేలు జార్చాడు.

"సందు మంచిగనే ఇడ్సినవు. నేనే నేర్పిన," అన్నాడు మెల్లగా. "మూయకు. కర్ర ఉబ్బుతది. గొంగడి ముక్క పెట్టు."

తను కప్పుకునే గొంగడి అంచును తనే కత్తితో కోసి ఇచ్చాడు. తలుపు చుట్టూ సరేసుతో అతికించాను. తలుపు మెత్తగా నొక్కుకుని మూసుకుంది.

శుక్రవారం నమాజు అయ్యాక అల్లుడు బండి తోలుకొచ్చి సామాను ఏదని అడిగాడు. ఉస్తాద్ మూట విప్పేసి, కుర్చీ చేతికి గరుకు కాగితం పడుతున్నాడు. గొట్టం మూతి ఆయన చేతి పక్కనే ఉంది. అవ్వ రెండోసారి సంచి నింపుకుంటోంది.

"బిడ్డకు సలాం చెప్పు. నాకు హవా గీడనే దొరికింది," అన్నాడు ఉస్తాద్, చెయ్యి ఆపకుండా.

నేను తల వంచుకుని పంకా తిప్పుతూనే ఉన్నాను. కళ్లు చెమర్చాయి. కంట్లో పొట్టు పడిందని చెబుదామంటే, గదిలో పొట్టే లేదు.