అక్క చీర మీద ఉప్పు

దయ్యాల భయం ఉన్నవాళ్లకు సరుకు అమ్మి పెరిగిన ఇల్లు మాది. మేడ్చల్‌లో మా నాయిన కిరాణం దుకాణంలో అమావాస్య ముందురోజు నిమ్మకాయలు, గుమ్మడికాయలు, నల్లదారం కొనడానికి జనం వరుస కట్టేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఎవరూ గుమ్మానికి ఒక నిమ్మకాయ కట్టింది లేదు. కట్టినది మళ్లీ అమ్ముడు పోదు కదా! నాకు ఇలాంటివాటి మీద నమ్మకం ఎంతో చెప్పడానికి ఇది చాలు.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది. అప్పటికి నాలుగు నెలలుగా నేను, మా అక్క ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. ఆమె కడుపులో గడ్డ. డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమెకు చెప్పొద్దని మేం అనుకున్నాం. ఆమెకు ముందే తెలుసని తర్వాత తెలిసింది.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. పెళ్లయిన రెండేళ్లకే మా బావ పోతే తిరిగొచ్చి నాయిన దుకాణంలో కూర్చుంది. నా పెళ్లయిన కొత్తలో మేం బాపట్ల దగ్గర సముద్రం చూడటానికి వెళ్లాం. అక్క కూడా రావాలి. బయలుదేరే పొద్దున నాయినకు జ్వరం వచ్చింది, దుకాణం మూసే వీలు లేక ఆమె ఆగిపోయింది. తిరిగొచ్చాక ఎట్లుందే అని అడిగితే, రాలేదని బాధ పడుతుందేమోనని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. "ఏముందక్కా గక్కడ, ఎండ, ఉక్కపోత." ఆ తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు.

మే నెలలో ఒక ఆదివారం, ఇంట్లో పడుకుని పడుకుని విసుగొస్తోందంటే మేడ్చల్ రోడ్డు మీద పెట్టిన హస్తకళల మేళాకు తీసుకెళ్లాను. కొయ్యబొమ్మలు, అద్దకం దుప్పట్లు, వెదురు బుట్టలు. అక్క పది అడుగులకోసారి ఏదో ఒక బల్ల మీద కూర్చుంటోంది. నేను మాత్రం అలవాటు మానలేక ప్రతి దుకాణం దగ్గరా ధర అడిగి, ఏమీ కొనకుండా కదులుతున్నాను.

ఒకచోట కోస్తా నుంచి వచ్చిన ఆయన గవ్వలతో చేసిన సామాన్లు పెట్టాడు. అక్క ఒక పెద్ద శంఖం తీసి చెవికి ఆనించుకుంది. ఎంతసేపటికీ చెవి దగ్గర్నుంచి దించలేదు. నేను ధరలో సగం అడిగాను.

"అంతకు రాదమ్మా. మా ఊరొచ్చి ఏరుకోండి, ఊరికే దొరుకుతాయి. ఇక్కడిదాకా మోసుకొచ్చినందుకే ఈ ధర."

"మోసుకొచ్చినవ్ గదా, మల్ల మోసుకపో" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. నాకు గర్వంగానే అనిపించింది.

అక్క శంఖాన్ని మెల్లగా కింద పెట్టింది. బయటికొచ్చాక అడిగింది.

"చెల్లె, ఒక్కపారి సముద్రం కాడికి పోదామానే?"

నిజం చెప్తాను. ఆ క్షణం నాకు జాలి కలగలేదు, నీరసం వచ్చింది. రాత్రంతా రైలు, అక్కడి ఉక్క, మధ్యలో ఆమెకు ఏమైనా అయితే? అందుకని నాకు తెలిసిన పని చేశాను. బేరమాడాను.

"ఇప్పుడు శామీర్‌పేట చెరువుకు పోదాం అక్కా. గది కూడ నీళ్లే గదా. సముద్రానికి చలికాలం పోదాం."

చలికాలందాకా ఆమె ఉండదని నాకు తెలుసు.

"దుకాణపోళ్ల బిడ్డవు అనిపించుకున్నవ్" అని నవ్వింది. "సరే తియ్యి."

ఆటోలో లాల్‌గడి మలక్‌పేట్ మీదుగా వెళ్లాం. చేరేసరికి పన్నెండు దాటింది. ఎండాకాలం కాబట్టి చెరువు బాగా లోపలికి తగ్గిపోయింది. పగిలిన నల్ల ఒండ్రు, దాని అవతల కదలిక లేని నీళ్లు. గాలి లేదు. తుమ్మచెట్టు కింద తువ్వాలు పరిచి ఇద్దరం పెరుగన్నం తిన్నాం. నాలుగు నెలల అలసట ఒక్కసారిగా మీద పడింది. కళ్లు మూసుకున్నాను.

లేచేసరికి నీడ జరిగిపోయి ఎండ మొహం మీద పడుతోంది. అక్క పక్కన లేదు. నీళ్లలో నిలబడి ఉంది, వీపు నా వైపు. నీళ్లు ఆమె మడమలు దాటలేదు. కానీ ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మాటిమాటికి వెనక్కి తూలి, మళ్లీ నిలదొక్కుకుంటోంది. పడిపోతుందని పరుగెత్తాను. వెళ్లడానికి నాకే కష్టమైంది. ఒండ్రులో పిక్కల దాకా దిగబడ్డాను.

చేయి పట్టుకుని ఒడ్డుకు తెచ్చి తిట్టాను. అప్పుడు చూశాను. చీర నడుము దాకా తడిసింది. ఆమె పడలేదు, పడితే బురద అంటాలి. నా కాళ్లు నల్లగా ఉన్నాయి. ఆమె పాదాలకు చుక్క బురద లేదు. వేళ్ల సందుల్లో గరుకు ఇసుక ఉంది.

తిరుగు ఆటోలో అక్క నా భుజం మీద తల పెట్టి అంది.

"నీళ్లు వచ్చేటప్పుడు ఏం గాదు. పోయేటప్పుడు గుంజుతదే. కాళ్ల కింది ఇసుకంత జారిపోతది. నిలవడ్డ కాడనే ఉంటం గని ఎనుకకు పోతున్నట్టయితది. గింత మంచిగ ఉంటదని నాకెందుకు జెప్పలే? ఎండ, ఉక్కపోత అంటివి."

సముద్రంలో నిలబడితే సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నిలబడి చూడనివాళ్లకు తట్టే మాట కాదు.

ఇంటికొచ్చి ఆ మెరూన్ చీర తీగ మీద ఆరేశాను. సాయంత్రానికి దాని మీద నడుము ఎత్తున తెల్లటి గీత కట్టింది. గీకి నాలుక మీద వేసుకున్నాను. చిన్నప్పుడు దుకాణానికి ఉప్పు బస్తాలు వస్తే రుచి చూసి దింపించే పని నాది. చౌడయితే సబ్బులా జారుతుంది. ఇది దొడ్డుప్పు, సముద్రపు కల్లుప్పు. చివర కొంచెం చేదు.

నా నాలుక మీద నాకే అనుమానం వచ్చి, రెండు రోజుల తర్వాత ఒక్కదాన్నే చెరువుకు పోయి పాత జాకెట్టు ముక్క ఒకటి అదే చోట తడిపి తెచ్చి ఆరేశాను. బురద మరక తప్ప ఏమీ రాలేదు.

సిగ్గుపడి, ఆ వారమే బాపట్లకు టికెట్లు తీయించాను. ఆమె ముందు పెడితే పక్కకు జరిపింది.

"వద్దే. ఒక్కపారి చూస్తే చాలు. గంత దూరం మల్ల నడువలేను."

టికెట్లు వాపసు చేసి వస్తుంటే నాకు బాధ కంటే ఊరటే ఎక్కువగా ఉంది. ఇంకో ప్రయాణం తప్పిందని. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వానాకాలం మొదట్లో అక్క పోయింది. నన్ను మన్నించి, చూసినట్టు ఊరికే చెప్పిందేమోనని చాలాసార్లు అనుకున్నాను. అలాగైతే ఆ ఉప్పు సంగతి ఏమిటో అర్థం కాదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మా అక్క సముద్రం చూసిందనే చెప్తాను. ఎట్లా చూసిందంటే మాత్రం చెప్పలేను. నేను తోడు పోలేదు.