లింబాద్రి పైగొంతు

సిమెంటు కలపడానికి దుబాయ్ పోయిన లింబాద్రి అక్కడ పాటగాడయ్యాడంటే కోరుట్ల దగ్గరి అతని పల్లెలో ఎవరూ నమ్మలేదు. ఆ పాడు పాట రాకపోయినా బాగుండేదని తర్వాత అతనే అనుకున్నాడు.

ఎనభయ్యో సంవత్సరం. షార్జా క్యాంపు నుంచి దుబాయ్‌లోని డేరా పేటలో లేస్తున్న బిల్డింగుకు కూలీలను తోలుకెళ్లే బస్సు డ్రైవరు సనావుల్లా దగ్గర ఒక పాత క్యాసెట్టు ఉండేది. ఎవరో అమెరికా అన్నదమ్ములు గిటార్లు దడదడలాడిస్తూ పాడేవారు. ఒక్క మాటా అర్థం కాకపోయినా లింబాద్రికీ, పక్క సీటు పోశయ్యకూ కాలు నిలిచేది కాదు. ఊళ్లో కథ చెప్పేటప్పుడు ఒకరు పాడాక వంతగాళ్లు అందుకుంటారు. ఈ అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి ఎత్తుకునేవారు. ఒకడు కింద, ఒకడు పైన, ఇద్దరిదీ ఒకే మాట.

"మనం గిట్ల పాడుదమా బావా?" అన్నాడు లింబాద్రి.

పోశయ్య తను వచ్చేశాక పుట్టిన బిడ్డ గౌరవ్వ మీద ఒక పాట కట్టాడు. అసలు రాగం అతనిది. లింబాద్రి దాని మీద పైగొంతు పట్టుకుని విడవకుండా నడిచేవాడు. గిటారు లేకపోతేనేం, రేకు బకెట్టు ఉంది. శుక్రవారం క్యాంపంతా వాళ్ల గది ముందే. ఆ పిచ్చి అందరికీ అంటుకుంది. తట్టలు మోసేవాళ్లు, చివరికి గోదావరి జిల్లా సూరిబాబు కూడా జోడీలు వెతుక్కుని పాడసాగారు. ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, వచ్చి "ఖలాస్, ఖలాస్" అని అరిచేదాకా ఆపేవారు కాదు.

ఆ పాటను క్యాసెట్టులో పట్టి, ఊరికి పోయే మనిషి చేత పంపారు. పోశయ్య భార్య చంద్రవ్వ వింది, బిడ్డకు వినిపించింది. తర్వాత అందరూ చేసేదే చేసింది. అదే క్యాసెట్టు మీద తన మాటలు పట్టి తిరిగి పంపింది. ఇంటికొక్క క్యాసెట్టే వస్తూ పోతూ ఉండే రోజులవి. పాట చెరిగిందని ఎవరూ బాధపడలేదు. పాడే మనిషి ఉన్నాడు కదా, మళ్లీ పాడతాడు.

ఆ ఎండాకాలమే పోశయ్య కాంక్రీటు పోస్తూ పోస్తూ కూలబడ్డాడు. వడదెబ్బ. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. శవపెట్టె ఊరికి వెళ్లిన కొన్నాళ్లకు చంద్రవ్వ దగ్గర్నుంచి లింబాద్రి పేరిట క్యాసెట్టు వచ్చింది.

"అన్నా, నాయిన పాట పెట్టుమని బిడ్డ ఏడుస్తున్నది. నా చేతులతోనే చెరిపిన. నీకు అస్తది గదా, పాడి పంపు."

లింబాద్రి పాడబోయాడు. నోరు తెరిస్తే గొంతు అలవాటుగా పైకే పోయేది. బలవంతంగా దించితే రాగం తప్పేది. పోశయ్య పక్కన ఉన్నన్నాళ్లు ఆ రాగం నేర్చుకోవాలని అతనికి తట్టనే లేదు. సూరిబాబును అడిగాడు, సనావుల్లాను అడిగాడు. వాళ్ల చెవుల్లో రెండు గొంతులూ కలిసిపోయి ఉన్నాయి, విడదీయడం ఎవరికీ చేతకాలేదు. చివరికి తనకు వచ్చిన పైగొంతే పాడి పంపాడు.

జవాబు వచ్చింది.

"మాటలు గవ్వే గని, గిది ఆయన పాట గాదన్నా. బిడ్డ మొకం తిప్పుకున్నది. మంచిగ యాది చేసుకొని పంపు. నీ కాల్మొక్త."

లింబాద్రి మంచం మీద కూర్చుని రికార్డు మీట నొక్కాడు. టేపు తిరుగుతూనే ఉంది, చంద్రవ్వ మాటలు చెరిగిపోతూనే ఉన్నాయి.

"గిది గా పాటనే, చెల్లె," అన్నాడు. "అండ్ల నాకు అచ్చేది గింతే."