ఇరుక్కున్నాకే ఫోర్ వెయ్యాలి

వీధిలో అందరికీ ఆవిడ స్టీరింగక్క. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. పాలకేంద్రంలో పికప్ నడుపుతుంది. భర్త దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో పొయ్యి, మధ్యలో మంచం, మంచం కింద ఎవరెవరివో కత్తిరించిన గుడ్డల మూటలు. పొద్దున్నే ఆవిడ బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ బయల్దేరితే, ఆయన గుమ్మంలో నిలబడి టిఫిను డబ్బా అందిస్తాడు.

ఎదురింటాయనది రోజూ ఒకటే జోకు. "ఏం దర్జీగారూ, ఆవిణ్ణి డ్యూటీకి సాగనంపారా? ఇక గిన్నెలు తోముకోండి."

దర్జీ తొణకడు. "తోమేశానండీ. మీ ఇంట్లోవి ఉంటే పంపండి, చెయ్యి ఖాళీగానే ఉంది."

ఆవిడకు డ్రైవింగు నేర్పింది మేనమామ. కొండదారులు వేసే కంపెనీలో బండి తోలినవాడు. స్టీరింగు చేతికివ్వకముందే బండి దిగడం నేర్పాడు. బురద కనపడితే ఆపు, దిగు, కాలితో నొక్కి చూడు, ఎంత లోతో తెలిశాకే ఎక్కు. ఆ తర్వాత పెద్ద గేరు పక్కనున్న చిన్న గేరు మీద ఆమె చెయ్యి పెట్టించాడు.

"మామూలుగా బండిని వెనక చక్రాలే తోస్తాయి. ఇది వేస్తే ముందువి కూడా లాగుతాయి. అదే ఫోర్ వీలంటే. గట్టి రోడ్డు మీద వేసి మలుపు తిప్పావనుకో, నాలుగు చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుని లోపలి గేరు పళ్లు రాలగొడతాయి. బురదలో కూరుకున్నాక వేశావనుకో, నాలుగూ కలిసి గొయ్యి తవ్వుతాయి."

"మరెప్పుడెయ్యాలి మామయ్యా?"

"భయమేసినప్పుడు వెయ్యాలే. ఏడుపొచ్చాక కాదు. బురదకి ఇవతలే వేసుకుని, చిన్నగా, ఆగకుండా వెళ్లిపోవాలి. అవతల గట్టినేల తగలగానే తీసెయ్యాలి. అంతే చదువు."

ఆ చదువు వల్లే ఆవిడకు గుట్ట దారి ఇచ్చారు. తారురోడ్డు దిగి కొంత దూరం వెళ్తే ఒక దిగువ వస్తుంది. రెండు వాలుల మధ్య నల్ల బంకమట్టి. ఎండాకాలం రాయిలా ఉంటుంది, వానపడితే జిగురు. అది దాటి పైకెక్కితే గుట్ట మీద కొన్ని ఇళ్లు, ఇంటింటికీ పశువులు. ఆవిడ సొంత అక్క మెట్టినిల్లు కూడా అక్కడే. బండి రాని రోజుల్లో అక్కడి ఆడవాళ్లు పాలు నెత్తిన పెట్టుకుని తారురోడ్డుదాకా దిగేవాళ్లు, సగం మెడనొప్పులు అక్కడివే. బండి వచ్చాక ధైర్యం చేసి ఇంకో ఆవు, ఇంకో గేదె కొన్నారు. అంటే వాళ్ల బతుకు ఆ బండికి కట్టేసుకున్నారన్నమాట.

పోయిన ఎండాకాలంలో ఒక సంగతి జరిగింది. టౌను దారి తోలే డ్రైవరొకడున్నాడు, హీరో అంటారు. ఫోర్ వేస్తే బండి రోడ్డుకి బాగా పట్టుకుంటుందని ఎవరో చెప్పగా విని, ఎండిన తారు మీద రోజుల తరబడి అలాగే తోలాడు. గేరుపెట్టె పగిలింది. అతణ్ణి అనడానికేముంది, చెప్పినవాళ్లు లేరు. పాలకేంద్రం పెద్దలు డ్రైవర్లందర్నీ ఒక పూట కూర్చోబెట్టి నేర్పి ఉంటే సరిపోయేది. కానీ నేర్పితే మనిషికి తెలుస్తుంది, తెలిసినవాడు రేపు మాట్లాడతాడు. సీలు మాట్లాడదు. అందుకని కరెంటు మీటర్లకు వేసినట్టు, ప్రతి బండిలోనూ చిన్న గేరుకు తీగ చుట్టి సీసపు సీలు వేయించారు. బండి కూరుకుపోతే బండ్ల సూపర్‌వైజరుకు ఫోన్ చెయ్యాలి, ఫోటో పంపాలి, ఆయన సరేనన్నాక తెంచాలి.

సీలు పడ్డాక మొదటి వానకే గుట్ట పాలు ఆలస్యమై విరిగాయి. రెండో వానకీ అంతే. ఇంకొక్కసారి విరిగి వస్తే గుట్టకు బండి పంపేది లేదని పాలకేంద్రం చెప్పేసింది.

ఆ పొద్దున స్టీరింగక్క గుట్ట ఎక్కేటప్పటికి నేల పొడిగానే ఉంది. క్యాన్లు ఎక్కిస్తుండగా వాన అందుకుంది. కుమ్మరించి, తనకేమీ తెలియనట్టు ఆగిపోయి, ఎండ కాసింది. సొంత అక్క ఎప్పటిలాగే ముందుసీట్లోకి ఎక్కింది. కేంద్రంలో గుట్ట పాలు అప్పగించేది ఆవిడే.

దిగువకి ఇవతల స్టీరింగక్క బండి ఆపింది. దిగి, కాలు పెట్టి చూసింది. చెప్పు మట్టిలోనే ఉండిపోయింది.

"ఫోర్ వెయ్యాలి," అంది చెప్పు పీక్కుంటూ.

"వెయ్యి మరి."

"ఫోన్ చెయ్యాలక్కా. సిగ్నలు ఇక్కడ లేదు. తారురోడ్డు మీదే."

"అంటే ఈ బురద దాటడానికి పర్మిషను, ఈ బురద దాటాక దొరుకుతుందా?" అక్క నవ్వింది. చెల్లెలు నవ్వకపోవడం చూసి ఆపేసింది.

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బురద పక్కనున్న రాళ్లమీదుగా, ముళ్లకంప పట్టుకుని అవతలి వాలు ఎక్కింది స్టీరింగక్క. తారురోడ్డు మీద ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగితే సిగ్నలు తగిలింది.

"సార్, గుట్ట బండండీ. దిగువలో బురదయింది. ఫోర్ వేసుకుంటాను, సీలు తెంచమంటారా?"

"ఇరుక్కున్నావా?"

"ఇంకా లేదు సార్. ఇవతలే ఆపాను."

"ఇరుక్కోలేదా! మరి ఫోర్ ఎందుకమ్మా?"

"ఇరుక్కోకుండా ఉండడానికే సార్."

సూపర్‌వైజరు మెత్తగానే చెప్పాడు. "చూడమ్మా, రూల్లో ‘బండి కూరుకుపోయిన పక్షంలో’ అనుంది. కూరుకుపోతుందేమోనని అనుమానం కలిగిన పక్షంలో అని లేదు. ముందు మామూలుగా వెళ్లి చూడు. ఇరుక్కుంటే ఫోటో పెట్టు, వెంటనే ఇచ్చేస్తాను. పూచీ నాది."

"ఇరుక్కున్నాక వేస్తే ఏం లాభం సార్..."

"నాకు తెలీదనుకుంటున్నావా? నాకూ పైనొకాయన ఉన్నాడమ్మా."

తిరిగొచ్చేసరికి ఎండ క్యాన్ల మీదికి పాకింది. అక్క తన పైట కొంగు తడిపి ఒక క్యాను మీద కప్పి, మిగతావాటివైపు ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తోంది.

"ఏమన్నాడే?"

"ముందు ఇరుక్కోమన్నాడు."

"వాడి మొహం మండ! తెంచెయ్యవే. అడిగితే నేను తెంచానని చెప్పు."

"నువ్వు చెప్తే వింటారా? పోయిన నెల ఇంకో దారిలో ఒకాయన అడక్కుండా తెంచాడు. సాయంత్రానికి తాళాలు లాక్కున్నారు. నా దగ్గర లాక్కుంటే రేపు మీ గుట్టకెవరొస్తారక్కా? ఆ టౌను డ్రైవర్లు ఈ దిగువ చూస్తేనే దణ్ణం పెట్టి వెనక్కి తిప్పుతారు."

స్టీరింగక్క తెగించి ఉండాల్సిందని మనకు అనిపిస్తుంది. సీలు తెంచడానికి రెండు వేళ్లు చాలు. ఆ తర్వాత నిలబడడానికి పక్కన మనుషులు కావాలి. పాలకేంద్రం డ్రైవర్లంతా ఒక్కమాట మీద నిలబడి ఉంటే ఆ తీగ ఒక్కరోజు కూడా ఉండేది కాదు. కానీ పాలబండి ఉద్యోగం అలాంటిది. ఒక్కొక్కరు ఒక్కో దారిలో, ఒక్కో క్యాబిన్లో, అద్దాలు బిగించుకుని ఉంటారు. ఒకరి తాళాలు లాక్కున్నారన్న కబురు మాత్రం అందరికీ అందుతుంది. దానికి సిగ్నలు కూడా అక్కర్లేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ రాళ్లు ఏరి, కంప విరిచి, చక్రాలు పోయే జాడలో పరిచారు. స్టీరింగక్క బండిని వీలైనంత మెల్లగా దింపింది. కంప ఉన్నంతవరకూ బండి వెళ్లింది. కంప అయిపోయాక వెనక చక్రాలు ఒక్కసారి ఈలవేసినట్టు తిరిగి, మట్టి వెనక్కి చిమ్మి, కుంగిపోయాయి. ఆవిడ వెంటనే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసింది. క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"ఇరుక్కున్నామా?" అంది అక్క.

"ఆఁ. రూలు ప్రకారం."

ఫోటో తీసి, మళ్లీ ఆ రాళ్లు, ఆ కంప, ఆ వాలు. సూపర్‌వైజరు ఈసారి మాట నిలబెట్టుకున్నాడు. "చూశావా, ఇప్పుడైతే నాకూ ఇబ్బంది లేదు, నీకూ లేదు. తెంచి వేసుకో." ఆ గొంతులో నిజంగానే ఒక మేలు చేసినవాడి సంతోషం ఉంది.

సీలు పుటుక్కున తెగింది. చిన్న గేరు పడింది. డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. స్టీరింగక్క ప్రాణమంతా పాదంలో పెట్టుకుని తొక్కింది. ముందు చక్రాలు కూడా తిరిగాయి. ముందు కూడా మట్టి చిమ్మింది. బండి ఒక పక్కకి ఒరిగి, దాని కింది ఇనుపచట్రం బంకమట్టి మీద కూర్చుంది. ఇప్పుడు చక్రాలు నాలుగూ తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలడం లేదు. ఇంజను ఆపేసి, స్టీరింగు మీద నుదురు ఆనించింది.

అక్క గుట్టెక్కి మనుషుల్ని పిలుచుకొచ్చింది. ఆడవాళ్లు, మగవాళ్లు, వద్దన్నా వినకుండా ఒక ముసలాయన. తోశారు. బురద మొహాల మీద పడ్డదే తప్ప బండి లేవలేదు. చివరికి ఒక్కో క్యానుకి ఇద్దరు చొప్పున పట్టుకుని, జారుతూ, తిట్టుకుంటూ తారురోడ్డుకి చేర్చారు.

"ఏం స్టీరింగక్కా, బండెందుకే మాకు, నువ్వే మొయ్యి!" అందొక కోడలుపిల్ల. అన్నాక తనే ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

దారినపోయే ట్రాక్టరు ఒకటి ఆగి, క్యాన్లనీ అక్కచెల్లెళ్లిద్దర్నీ ఎక్కించుకుంది. కేంద్రం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పరీక్ష చేసే మనిషి గాజుగొట్టంలో కాస్త పాలు పోసి మంట మీద పట్టింది. అక్క ఆ గొట్టాన్నే చూస్తోంది. పాలు ఒక్క క్షణం పాలలాగే ఉండి, విరిగాయి. ఇంకో క్యాను. విరిగాయి. అక్క కొంగు తడిపి కప్పిన క్యానులోవి కూడా విరిగాయి.

"నేనేం చెయ్యనమ్మా," అంది పరీక్ష చేసే మనిషి, మంట తగ్గిస్తూ. పాలన్నీ తూములోకి వంచారు.

స్టీరింగక్క ఆ బురదకాళ్లతోనే ఆఫీసుగదిలోకి వెళ్లింది. సూపర్‌వైజరు పైవాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నాడు. కూర్చోమని చేత్తో సైగ చేశాడు. "అవును సార్... పర్మిషన్ ఇచ్చాను సార్... ఫోర్ వీల్ వేసినా రాలేదు. ఫోటో కూడా ఉంది సార్. ఆ దారి ఫోర్ వీల్‌కి కూడా లొంగదన్నమాట."

"ముందే వేసి ఉంటే వచ్చేది సార్, చెప్పండి వాళ్లకి," అందావిడ.

ఆయన ఫోను గుండెకు ఆనించుకుని గొంతు తగ్గించాడు. "ఫోర్ వేశావా, వెయ్యలేదా?"

"వేశాను. కానీ..."

"బండి వచ్చిందా?"

"రాలేదు."

"నేను అబద్ధం చెప్పలేదు కదమ్మా," అన్నాడాయన. అది నిందలా లేదు, ప్రాధేయపడినట్టుగా ఉంది. మళ్లీ ఫోను చెవిదగ్గర పెట్టుకున్నాడు.

గుట్ట దారి ఆ సాయంత్రమే మూసేశారు. స్టీరింగక్క ఉద్యోగానికి ఢోకా రాలేదు. టౌను దారి ఇచ్చారు. అంతా నున్నటి తారు.

మర్నాడు పొద్దున కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగి ఉండగా అక్క ఫోన్ చేసింది. గాలి హోరు వినిపిస్తోంది. తారురోడ్డు మీదికొచ్చి నిలబడ్డట్టుంది.

"పిండేశామే," అంది అక్క. "పొదుగులు నిండితే పశువు ఊరుకోదు కదా, పిండక తప్పుతుందా? అందరం క్యాన్లు మోసుకొచ్చి ఇక్కడ పెట్టాం. ఎవరైనా ఆపుతారేమోనని చూస్తున్నాం. ఎవరూ ఆపడం లేదు. ఏం చెయ్యమంటావు?"

స్టీరింగక్క ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నానక్కా."

ఆకుపచ్చ దీపం పడింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.