మా ఆవిడ నడకకు ఒక పాటల పెట్టె

ఈ వయసులో నాకు పాటల పిచ్చి పట్టిందనుకున్నట్టున్నాడు ఆ షాపాయన. జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ దాకా కాళ్లరిగేలా తిరిగి చివరికి అతని దగ్గరికి చేరాను. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, కోపం ముక్కు మీదే ఉంది. "గట్టిది కావాల బాబూ. కింద పడ్డా పగలకూడదు, సెమట పట్టినా సెడిపోకూడదు, బటన్లుండాల, మజ్జిలో ఫోన్లు రాకూడదు" అని ఒక్క ఊపిరిలో చెప్పాను. అతను నన్ను కిందికీ పైకీ చూసి, "జాగింగుకా సార్?" అన్నాడు. నా పొట్ట చూశాక కూడా ఆ మాట అన్నాడంటే వ్యాపారం తెలిసినవాడే.

"నాకు కాదు, మా ఆడమనిషికి" అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేదు.

మా ఆవిడకు వచ్చిన జబ్బును డాక్టర్లు పార్కిన్సన్స్ అంటారు. మా ఇంట్లో దాని పేరు వణుకు. నిజానికి వణుకుతో పెద్ద చిక్కు లేదు. టీ గ్లాసు సగమే నింపితే సరిపోయింది. చిక్కంతా కాళ్లతోనే. వంటింట్లోంచి బయలుదేరి గడప దాకా బాగానే వస్తుంది. అక్కడ పాదాలు నేలకు మేకులు కొట్టినట్టు ఆగిపోతాయి. ఎత్తాలని ఉంటుంది, లేవవు. ఒళ్లు మాత్రం ముందుకు తూలుతుంది. నేను ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని "ఊఁ, ఎత్తు" అంటే అప్పుడు ఒక అడుగు కదులుతుంది. మంచం నుంచి బాత్‌రూముకి, బాత్‌రూము నుంచి పొయ్యి దగ్గరికి, అన్నిటికీ నా చెయ్యే. పిల్లలు లేరు, ఇంట్లో మేమిద్దరమే. ప్రేమ లేదని కాదు. నడుము లాగేసేది, నిద్ర చాలేది కాదు, విసుగొచ్చేది. ఆ విసుగు నా మొహం మీద ఆమెకు కనిపించేది. అందుకని దాహం వేసినా అడగడం తగ్గించింది. అది చూసి ఇంకా విసుగొచ్చేది.

నాది పోర్టులో పని. ఓడ డెక్కు మీద నిలబడి, కింద సరుకు కనిపించని క్రేన్ డ్రైవరుకు ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగలు చేస్తాను. ఆమె ఓసారి గడప మీద పడ్డాక సెలవు పెట్టాను. ఆ సెలవు సాగదీసి సాగదీసి చివరికొచ్చింది. మా మేస్త్రీ మంచివాడే గానీ అతనికీ పైన వాళ్లున్నారు. ఆమె నా చెయ్యి లేకుండా నడిస్తేనే నేను పనిలోకి వెళ్లగలను. లేదంటే పని మానుకోవాలి. పని మానుకుంటే మందులూ మానుకోవాల్సిందే.

అప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి ఓ మాట చెప్పింది. బుర్ర మాట వినని కాళ్లు ఒక్కోసారి తాళం మాట వింటాయట. ఒకే వేగంతో సాగే పాట చెవిలో పెట్టి నడిపించి చూడమంది. ఇన్ని మందులు మింగించాక పాట చెప్పిందేమిటా అనుకున్నాను. అయినా నా ఫోన్లో ఓ పాట పెట్టి ఆమె చేతికిచ్చాను. మొదటి రోజే గడప దాటింది. నా కళ్లను నేనే నమ్మలేదు. రెండో రోజు పాట మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. ఆమె ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. ఆ తర్వాత ఓ రోజు బ్యాంకు లోను ఇస్తామని ఫోనొచ్చింది. దాన్ని ఆపుదామని వణికే వేలితో అద్దం మీద ఎక్కడెక్కడో నొక్కింది. భీమిలి ఒడ్డున తెప్ప లాగుతున్న వాళ్ల తమ్ముడికి వీడియో కాల్ వెళ్లిపోయింది. "ఏటప్పా, ఏటయింది?" అని అతను అక్క కోసం కంగారు పడ్డాడు. ఈమె నవ్వుతూ తూలింది. ఫోను కింద పడి పగిలింది. ఆమెను మాత్రం పట్టుకోగలిగాను.

అందుకే షాపుల చుట్టూ తిరిగాను. చెవుల్లో దూర్చుకునే చిన్న గుండీల్లాంటివి చూపించారు. వణికే చేతులతో అవి చెవిలోకి వెళ్లేలోపు మురిక్కాలవలోకి వెళ్తాయి. భక్తి పాటలు ముందే నింపిన పెట్టె చూపించారు, అందులో మనకు కావలసింది ఎక్కించే దారి లేదు. ఒకటేమో నిగనిగలాడుతూ బాగుంది గానీ దాని ఒంటి మీద ఒక్క బటనూ లేదు. తాకితే చాలు సార్ అన్నారు. మా ఆవిడ దేన్నయినా తాకితే ఒకసారి తాకదు కదా.

ఈ చివరి షాపాయన అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె తీసి గాజుబల్ల మీద పెట్టాడు. వెనక జాకెట్టుకో కొంగుకో పెట్టుకునే క్లిప్పు, చార్జింగ్ కన్నానికి రబ్బరు మూత, పైన ఎత్తుగా మూడు బటన్లు. చెవికి కొక్కెంలా తగిలించుకునే వైరు. మా ఊరి ఉప్పుగాలికి ఇనప గేట్లే పొరలు పొరలుగా రాలిపోతాయి, పోర్టు దుమ్ము అన్నం గిన్నెలోకి కూడా వస్తుంది. "మా ఊళ్లో ఇది ఉంటాదా?" అన్నాను. "మనదీ ఇదే ఊరు కదా సార్" అన్నాడతను. జేబులోంచి నా డ్యూటీ గ్లౌజులు తీసి తొడుక్కున్నాను. ఆ మందపు తోలు వేళ్లతో, కళ్లు మూసుకుని, బటన్లు వెతికి నొక్కాను. దొరికాయి. గ్లౌజు వేసుకున్న నా వేలికి దొరికితే ఆమె వేలికీ దొరుకుతుంది. తర్వాత పెట్టెను భుజం ఎత్తు నుంచి వదిలేశాను.

"ఏటి సార్, అలగ పడేత్తన్నారు!" అని అతను గుండె పట్టుకున్నాడు. వైరు చెవికి పెట్టి చూశాను, పెట్టె పలికింది. కొనేశాను.

ఇంటికి తెచ్చాక బొట్టు పెట్టందే వాడనంది. ఫ్రిజ్జుకు పెట్టింది, మిక్సీకి పెట్టింది, దీనికి మాత్రం ఎందుకు పెట్టదు? తడి పసుపుతో వణుకుతూ వస్తున్న ఆ వేలు సరిగ్గా చార్జింగ్ కన్నం వైపే వస్తుంటే, రబ్బరు మూత గట్టిగా నొక్కి పట్టుకుని ఊపిరి బిగబట్టాను.

పెట్టె కుదిరింది గానీ పాట కుదరలేదు. సినిమా పాట పల్లవిలో బాగా నడిచేది, చరణానికి ముందు వయొలిన్లు వచ్చేసరికి తాళం మారిపోయి వీధి మధ్యలో ఆగిపోయేది. వెనక ఆటోవాడు హారన్ కొట్టేవాడు. ఫిజియో అమ్మాయి టిక్కు టిక్కుమనే చప్పుడు ఎక్కించి ఇచ్చింది. "గడియారం మింగినట్టుంది మావా, నాకొద్దు" అని తీసి పక్కన పెట్టేసింది.

అప్పుడు మా బావమరిదికి ఓ ఆలోచన వచ్చింది. "బావా, పెద్దవల లాగినపుడు మనోళ్లు కేకెడతారు కదా. అప్ప సిన్నప్పుడు రోజూ తాడు పట్టుకునీది. అది రికార్డు సేసి అంపుతాను, సూడు." ఇది నాకెందుకు తోచలేదా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఒడ్డు నుంచి వల లాగే ఆ కేకకు ఊరు ఊరంతా ఒకే అడుగు వేస్తుంది, తాళం ఎక్కడా తప్పదు. ముగ్గురం అలల పక్కన పుట్టినవాళ్లమే, ఇంతకంటే మంచి పాట ఏముంటుంది?

పొద్దున్నే సందులో ఆమెను నిలబెట్టాను. బావమరిది కూడా వచ్చాడు. ఆమె బటను నొక్కింది. కళ్లు మూసుకుంది. మొహంలో ఏదో వెలుగు. కాళ్లు కదిలాయి. ఇన్నాళ్లలో అంత నిబ్బరంగా కదలడం నేను చూడలేదు. కాకపోతే వెనక్కి కదిలాయి.

వల లాగేవాళ్లు ముందుకు నడవరు. తాడు పట్టుకుని సముద్రం వైపు మొహం పెట్టి, ఇసకలో వెనక్కి వెనక్కి వెళ్తారు. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ గుర్తురాలేదు. ఆమె వచ్చి వెనక ఉన్న నా మీద పడింది, నేను పోయి గోడకు పడ్డాను. పెట్టె మా ఇద్దరి కిందా పడి కూడా వైరులోంచి కేకలు వేస్తూనే ఉంది. ఆమె నవ్వు ఆపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ నవ్వాను. మోచెయ్యి చీరుకుపోయి ఆమెకు రక్తం వస్తోందని చూశాక బావమరిదిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ జబ్బులో వెనక్కి పడటమే అన్నిటికంటే ప్రమాదమని ఫిజియో అమ్మాయి తర్వాత చీవాట్లు పెట్టింది.

ఆ వారమంతా మేస్త్రీ ఫోన్ చేస్తే తీయలేదు. పని మానేస్తానని చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆమె మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"సేపలు మోసినపుడు బాగా నడిసీదాన్ని మావా" అంది.

పెళ్లికి ముందు ఆమె వాళ్ల పిన్ని వెనక గంప నెత్తిన పెట్టుకుని భీమిలి నుంచి లోపలి ఊళ్లకు వెళ్లేది. ఎండ ఎక్కేలోపు పద్మనాభం వైపు ఊళ్లు తిరిగి అమ్ముకుని రావాలి.

"అపుడేటి పాడుకునీవోరు?" అన్నాను.

"పాటేటి మావా, నెత్తి మీద గంపుంటే పాటొత్తాదా? ఊపిరే. ముందు పిన్ని బుస్సుమని ఊపిరొదిలీది, దానికి మాం అడుగేసీవోలం. ఆగితే గంప బరువెక్కిపోద్ది కదా."

ఆ పిన్ని ఇప్పటికీ చేపలు అమ్ముతుంది. ఆటోలో వెళ్లినా ఊళ్లో దిగాక గంప నెత్తికే. బావమరిది ఆమె వెనకే నడిచి రికార్డు చేసి పంపాడు. మట్టి మీద పాదాల చప్పుడు, ఆ ఊపిరి, మధ్య మధ్యలో "సేపలో..." అన్న కేక. మా ఆవిడ చెవికి తగిలించాను. గడప దాటింది. మెట్టు దిగింది. సందు సగం దాకా పోయి ఆగిపోయింది. ఏమిటా అని నేను చెవి పెట్టి విన్నాను. రికార్డులో ఎవరో ఇల్లాలు పిన్నిని ఆపి బేరమాడుతోంది. బేరం తెగేదాకా మా ఆవిడ కదల్లేదు.

"ఈసారి బేరాలు రాకండా తియ్యిరా" అని తమ్ముడికి ఫోన్లో చెప్పింది.

రెండోసారి పంపింది కుదిరింది. ఆమె జాకెట్టుకు పెట్టె తగిలించుకుని పాల బూతు దాకా వెళ్లి వచ్చింది. పక్కన నేను లేను. వెనక, కొంచెం దూరంలో ఉన్నాను. ఇన్నాళ్లూ ఆమెకిచ్చిన నా చేతులు ఖాళీగా ఉండేసరికి ఏం చేయాలో తోచక వెనక్కి కట్టుకున్నాను. ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని తుమ్మినట్టు నటించాను. ఆ మర్నాడే డ్యూటీలో చేరాను.

ఫిజియో అమ్మాయి దాచకుండానే చెప్పింది. ఇది జబ్బుకు మందు కాదు, కొంతకాలం నడిపిస్తుంది, తర్వాత కాళ్లు దీని మాట కూడా వినకపోవచ్చు. ఎంతకాలం అంటే ఎవరూ చెప్పలేరు. పనిలోకి వెళ్లే హడావుడిలో ఆ మాటను ఎక్కడో పెట్టేశాను.

వానాకాలం వెళ్లింది, ఎండలు వచ్చాయి. పెట్టె ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. పప్పుచారులో పడింది, పంపు కింద తడిసింది. మూల నొక్కుపోయింది, బటన్ల మీద గుర్తులు అరిగిపోయాయి. పలకడం మాత్రం మానలేదు. షాపాయన అబద్ధం చెప్పలేదు.

మొన్న ఆదివారం పొద్దున నేను పేపరు చూస్తూ కూర్చున్నాను. ఆమె చెవికి వైరు తగిలించుకుని, బటను నొక్కుకుని, బయలుదేరింది. గడప దగ్గర ఆగింది. నేను తలెత్తలేదు, ఊపిరి అందుకోవడానికి ఆగిందనుకున్నాను. కాసేపటికి చూస్తే అక్కడే ఉంది. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుంది, పాదాలు నేల మీద చిన్నగా అదురుతున్నాయి. లేచి దగ్గరికి వెళ్లాను. ఆమె చెవి పక్క నుంచి పిన్ని ఊపిరి నాకు స్పష్టంగా వినిపిస్తోంది. పాదాల చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఆమె నా వైపు చూడలేదు.

"సార్జింగ్ అయిపోనాదేమో మావా" అంది.

"అవునే, అయిపోనట్టుంది" అన్నాను. వైరు ఆమె చెవి నుంచి తీసి, పెట్టె ఆపి, చార్జింగుకు పెట్టాను. వచ్చి చెయ్యి ఇచ్చాను.