మోషే గీసిన త్రిభుజం

గిలకలదిండిలో వలలు బాగుచేసే మోషేకు యాభై ఏళ్లు దాటాయి. దారం పట్టి పట్టి కాయలు కాచిన ఆ వేళ్లు కంప్యూటరు మీటలపై మాత్రం పసిబిడ్డను నిద్ర లేపుతున్నంత మెత్తగా వాలుతాయి. చర్చి పక్క గదిలో పెద్దలకు నడిచే కంప్యూటరు తరగతికి ఆదివారం ప్రార్థన కాగానే ఇస్త్రీ చొక్కా నలగకుండా వస్తాడు. ఆ ఆదివారం తెరమీద సమబాహు త్రిభుజం గీయించగలిగినవారికే పై తరగతిలో చోటని దయామణి టీచరు ముందే చెప్పింది. అందులో ప్రతి మూలా అరవై డిగ్రీలు గనుక, గీత గీసిన ప్రతిసారీ అరవై తిరగమని మోషే తెరమీద గీతలు గీసే బాణానికి ఆజ్ఞ రాశాడు. మూడు గీతలూ కలవక నోరు తెరిచాయి.

“మావయ్యా, నీ వలకు కన్నం పడిందే!” అని పక్కనున్న సుప్రియ నవ్వింది.

మోషే లేచి, తానే ఆ బాణమైనట్టు గచ్చుమీద త్రిభుజాకారంలో నడిచాడు. మూల దగ్గర ఆగి తన పాదాల వంక చూసుకున్నాడు. “టీచరు గారూ, మూల అరవయ్యేనండీ. మనం తిరగాల్సింది దానికి రెట్టింపండీ!” నూట ఇరవై అని మార్చగానే గీతలు కలిశాయి. ఆ త్రిభుజాన్నే పదేసి డిగ్రీలు జరుపుతూ ముప్పై ఆరు మార్లు గీయమనేసరికి ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో పెద్ద పువ్వు విచ్చుకుంది. దయామణి పై తరగతి పట్టీలో అతని పేరు రాసి చూపింది. మోషే అటు తల తిప్పనైనా లేదు.

“ఆగండమ్మా, నారింజ రంగు ఇంకా వెయ్యలేదు,” అన్నాడు.